మళ్ళీ అక్క పెట్టని సంతకం

మా ఆఫీసులో లిఫ్టు ఎక్కినవాళ్ళందరూ అంతస్తు నొక్కి ఫోన్ చూసుకుంటారు. మళ్ళీ అక్క మాత్రం వారానికోసారి, మూసుకుంటున్న తలుపుల మధ్య చెయ్యి పెడుతుంది, అవి నిజంగా వెనక్కి తగ్గుతాయో లేదో చూడటానికి. పదకొండేళ్ళుగా తగ్గుతూనే ఉన్నాయి. "ఇన్నాళ్ళూ తగ్గాయి కదక్కా" అంటే, "ఆ మాట నిన్నటిదాకా చెల్లింది. ఇవాళ్టి సంగతి చెప్పు" అంటుంది.

ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనిపించదు. పరీక్ష ఎంత బాగా జరిగినా చివర "మళ్ళీ చేద్దాం" అంటుంది కాబట్టి మళ్ళీ అక్క అయింది. మొదట్లో వెనకాల అనుకునే పేరు. తర్వాత ఎదురుగానే పిలిచాం. ఆవిడేమీ అనుకోలేదు. అనుమానంగా మాత్రం చూసింది.

మా కంపెనీ చేసేది గదుల గాలి చూసుకునే వ్యవస్థ. గోడకి సెన్సర్, పైన ఫ్యాన్లు, కిటికీల పైన తెరుచుకునే రేకులు, వీటికి ఎప్పుడు ఏం చేయాలో చెప్పే సాఫ్ట్‌వేర్. గదిలో మనుషులుంటే వాళ్ళ ఊపిరి వల్ల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. అప్పుడు బయటి గాలిని లోపలికి లాగాలి. మనుషులు లేనప్పుడు ఊరికే తిరిగి కరెంటు తగలెయ్యకూడదు. పాత రకం సాఫ్ట్‌వేర్‌కి ఇంత దాటితే తిరుగు, ఇంతకి దిగితే ఆగు అని ఒకసారి చెప్పి వదిలేసేవాళ్ళం. కొత్తది అలా కాదు. చలి రోజుకీ వాన రోజుకీ, నిండుగా ఉన్న గదికీ ఖాళీ గదికీ తగ్గట్టు తనంతట తనే మారుతుంది. సెన్సర్ పాతబడి అంకె కాస్త ఎక్కువ చూపించడం మొదలుపెడితే, ఆ తేడా కూడా తనే తీసేసుకుంటుంది. రోజూ కొంత నేర్చుకుంటుంది. అలాంటిదాన్ని పరీక్షించడం మళ్ళీ అక్క పని.

"నిన్న పరీక్ష రాసినవాడు ఒకడు, ఇవాళ డ్యూటీకి వచ్చినవాడు ఇంకొకడు. నేను మార్కులు ఎవడికని వెయ్యను?" అని విసుక్కునేది.

సెన్సర్ అంకెల్ని ఆ నేర్చుకునే భాగానికి అందించే కోడ్ నాది. అందుకని ఆవిడ అనుమానాల్లో సగం నా బల్ల దగ్గరికే వచ్చేవి.

ఆ వ్యవస్థని మొట్టమొదట పెట్టబోయింది మా ఆఫీసు కింది అంతస్తులోనే, ఉద్యోగుల పిల్లల్ని ఉంచే గదిలో. పద్నాలుగు మంది పిల్లలు. అందులో తొమ్మిది నెలల మా అమ్మాయి ఒకతె. అక్కడ అప్పటిదాకా ఉన్నవి పాత ఫ్యాన్లు. వాటికి ఒకటే వేగం. పొద్దున వేస్తే సాయంత్రం దాకా బయటి చలిగాలిని నేరుగా తెచ్చి మా పిల్ల ఉయ్యాల మంచం మీద పోసేవి. మూడు వారాలుగా దానికి జలుబు. ముక్కు మూసుకుపోయి ఊపిరి గురగురలాడుతుంటే, పడుకున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకోవడం నాకు అలవాటైపోయింది. మా ఆవిడ రోజూ అదే మాట: "ఊళ్ళోవాళ్ళ గదులన్నీ బాగుచేస్తారు. మన పిల్ల గదికి మాత్రం ముహూర్తం కుదరదా?"

ముహూర్తం సోమవారం పదకొండు గంటలకి కుదిరింది. పాత ఫ్యాన్లు విప్పేసి, గదిని పూర్తిగా కొత్త వ్యవస్థకి అప్పగించాలి. దానికి ఒక్క సంతకం తక్కువ. మళ్ళీ అక్కది.

పరీక్షలు రెండో అంతస్తులో జరిగేవి. పిల్లల గది కొలతలకి సరిపోయే గది ఒకటి కట్టుకున్నాం. పద్ధతి ఎప్పుడూ ఒకటే. ముందు రికార్డర్ తగిలించాలి. అది వ్యవస్థలోని అంకెలన్నిటినీ సెకనుకోసారి చదివి గీతగా గీస్తుంది. నాలుగు నిమిషాలు ఆగాలి. తర్వాత సిలిండర్ వాల్వ్ తిప్పి, పద్నాలుగు మంది పిల్లలు నిద్రలో వదిలేటంత కార్బన్ డయాక్సైడ్ గదిలోకి వదలాలి. ఫ్యాన్లు సమయానికి తిరిగాయా, గాలి బాగుపడిందా చూసుకోవాలి. అలా రెండు వందల పద్నాలుగు పరీక్షలు. అన్నీ నెగ్గింది.

బుధవారం మధ్యాహ్నం మళ్ళీ అక్క ఆ గీతల కాగితాలు తెచ్చి నా కీబోర్డు మీదే పరిచింది.

"తమ్ముడూ, వాల్వ్ తిప్పింది ఎక్కడ?"

గీత మీద చూపించాను.

"ఫ్యాన్ తిరగడం మొదలైంది ఎక్కడ?"

అది వాల్వ్ కంటే నలభై సెకన్లు ముందుంది. తర్వాతి కాగితంలోనూ అంతే. ఆ తర్వాత దాంట్లోనూ.

"మొదటి ముప్పై పరీక్షల్లో ఇలా లేదు. గాలి పాడయ్యాకే తిరిగింది. రానురాను ముందుకి జరిగింది. వాసన రాకముందే ముక్కు మూసుకుంటోంది. దీనికి సోది చెప్పడం ఎవరు నేర్పారు?"

మేనేజర్ మా వెనక నుంచి తొంగిచూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ముందే పసిగట్టేస్తోందన్నమాట! ఇంతకంటే ఏం కావాలమ్మా మనకి?"

"ఎలా పసిగడుతోందో తెలియాలి సార్."

"మా మామగారు వాన ముందే పసిగడతారు, మోకాలు పట్టుకుని. ఎలా అని ఎప్పుడైనా అడిగామా? గొడుగు పట్టుకెళ్ళాం, అంతే."

మళ్ళీ అక్క నవ్వలేదు. కాగితాలు సర్దుకుంటూ, "సంతకం ఇప్పుడే పెట్టను" అంది.

ఆవిడ వెళ్ళాక మేనేజర్ నా కుర్చీ వెనక చెయ్యి ఆనించి గొంతు తగ్గించాడు. "ఈ పని అయిపోతే ఆవిడకి వేరే పని చూపించడం కష్టం. ఆవిడకీ తెలుసు. సంతకం ఎంత ఆలస్యమైతే కుర్చీ అంతకాలం ఉంటుంది. నేననలేదు, నువ్వే ఆలోచించుకో. సోమవారం దాకా చూస్తాను. అప్పటికీ పెట్టకపోతే ఆవిడ బదులు నేను పెడతాను."

ఆలోచించుకోకుండా ఉండాల్సింది. అప్పటినుంచి ఆవిడ ప్రతి మాటకీ అడుగున ఇంకో మాట ఉన్నట్టు అనిపించేది. లిఫ్టు తలుపుల్లో చెయ్యి పెట్టడం కూడా ఎవరైనా చూస్తున్నప్పుడే చేస్తుందేమోననిపించింది. సాయంత్రం పిల్లని తీసుకోవడానికి కిందికి వెళ్తే ఆయమ్మ, "ఇవాళ కూడా పాపకి తుమ్ములే బాబూ. ఆ కొత్తవి ఎప్పుడు పెడతారో ఏమో" అంది. మళ్ళీ అక్క మీద కోపంతో పిల్ల టోపీ ఇంకాస్త కిందికి లాగాను.

గురువారం టీ తాగే చోట ఆవిడే నన్ను పట్టుకుంది.

"ఒక మాట అడుగుతాను. నిజం చెప్పాలి. పరీక్ష నెగ్గడానికి కోడ్‌లో ఏమైనా పెట్టావా?"

"అక్కా! నా కూతురు పడుకునే గది అది."

"అందుకే అడుగుతున్నాను. కూతురికి త్వరగా వెచ్చటి గది కావాలని ఉంటుంది కదా."

"మీకు మాత్రం ఆలస్యం కావాలని లేదా?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది. "మేనేజర్ అన్నాడా? అంటాడు. నీకు నామీద అనుమానం, నాకు నీమీద. మంచిదే. ఆ యంత్రం మీద కూడా కాస్త మిగుల్చుకో" అని కప్పు కడిగి బోర్లించి, బోర్లించిన కప్పుని మళ్ళీ ఎత్తి చూసి వెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. కోడ్ మొత్తం అచ్చు తీసుకుని వెళ్ళాను, చూసుకోమని. పరీక్ష కోసమని నేను ఏమీ పెట్టలేదన్నది నిజం. అది రుజువు చేసుకోవాలనే పౌరుషం.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. తలుపుకి రెండు గొళ్ళాలు. పాల సీసా మీద కొన్న తేదీ రాసిన చీటీ. గోడ మీద రెండు గడియారాలు, ఒకదాని మీద ఒకటి నిఘాకి పెట్టినట్టు. కిటికీ పక్కన వాళ్ళమ్మగారు కూర్చుని చొక్కా గుండీలు కుడుతున్నారు. ముప్పై ఏళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కుట్లు సరిచూసే పని చేసిన మనిషి. నేను కూర్చోగానే నా చొక్కా చేతిమడత పట్టుకుని లోపలివైపు తిప్పి చూశారు.

"పైకి బాగానే ఉంది నాయనా. లోపల దారం తెంపకుండా వదిలేశాడు. ఉతికేకొద్దీ ఊడుతుంది."

"అమ్మా, వచ్చినవాళ్ళ చొక్కాలు విప్పకు" అంది మళ్ళీ అక్క.

"నువ్వు వాళ్ళ యంత్రాలు విప్పట్లేదూ?"

మళ్ళీ అక్క ఈ విద్య ఎక్కడ నేర్చుకుందో అప్పుడు తెలిసింది. చిన్నప్పుడు బడి అయ్యాక ఆ ఫ్యాక్టరీలో తల్లి పక్కన స్టూలు మీద కూర్చునేదట. చొక్కాలు తిరగేసి ఇస్తే తల్లి చూసేదట. తండ్రి లేడు. కాలేజీ చదువు ఆ తిరగేసిన చొక్కాల మీదే సాగింది.

"అప్పట్లో సూపర్‌వైజర్ వచ్చి చూస్తే అన్ని కుట్లూ గీత గీసినట్టు ఉండేవి" అన్నారు పెద్దావిడ. "ఆయన వెళ్ళగానే వంకరపోయేవి. నేను మంచినీళ్ళకని లేచి, వేరే దారిన తిరిగి వచ్చి చూసేదాన్ని. అసలు కుట్టు అప్పుడు కనపడేది."

మళ్ళీ అక్క కోడ్ కాగితాలు తిరగేస్తున్నదల్లా ఆగిపోయింది.

"ఆయన వస్తున్నట్టు వాళ్ళకెలా తెలిసేదమ్మా?"

"బూట్లు. మెట్ల మీదే వినపడేవి. మిషన్ల చప్పుడే మారిపోయేది."

ఆవిడ కాసేపు రెండు గడియారాల కేసి చూసింది. తర్వాత నాకేసి. "తమ్ముడూ, మన బూట్లు దీనికి ఎక్కడ వినపడుతున్నాయి?"

ఆదివారం పొద్దున తొమ్మిదికి ఇద్దరం ఆఫీసులో ఉన్నాం. కాపలా మనిషి రిజిస్టర్‌లో సంతకాలు చేయించుకుని, సెలవునాడు మాకేం పనో అన్నట్టు పైనుంచి కిందిదాకా చూశాడు. ముందు ఆవిడ అసలు వాల్వ్ తిప్పలేదు. రికార్డర్ తగిలించాం, సిలిండర్ బండి తోశాం, నాలుగు నిమిషాలు ఆగాం. అంతే. గదిలో గాలి శుభ్రంగా ఉంది. అయినా ఫ్యాన్లు గిర్రున తిరిగాయి.

"చూశావా? పాడు గాలికి కాదు తిరుగుతున్నది, మనకి."

తర్వాత ఒక్కొక్కటీ తీసేస్తూ వచ్చాం. బండి బయటే ఉంచాం. తిరిగాయి. దీపం ఆర్పేశాం. తిరిగాయి. చెప్పులు కూడా విప్పించింది. చల్లటి గచ్చు మీద వట్టికాళ్ళతో నిలబడి, "అక్కా, బూట్లంటే నిజం బూట్లేనా?" అన్నాను. "నోరు మూసుకో. ఏమో ఎవరికి తెలుసు" అంది. తిరిగాయి.

మిగిలింది రికార్డర్ ఒక్కటే. అది లేకుండా మేం ఒక్కసారి కూడా పరీక్ష చేయలేదు. రికార్డర్ లేకపోతే గీత ఉండదు, గీత లేకపోతే పరీక్ష జరిగినట్టు కాగితం ఉండదు. పదకొండేళ్ళ అలవాటు. ఆవిడ సంచిలోంచి అరచేతిలో పట్టే చిన్న మీటరు తీసింది. దేనికీ తగిలించనక్కర్లేదు, గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో అంకె చెబుతుంది. రికార్డర్ పీకేసి, ఓ పెన్సిలూ కాగితాలూ పట్టుకుని ఆవిడ లోపల కూర్చుంది. నేను తలుపు బయట, గాజులోంచి చూస్తూ. వాల్వ్ తిప్పి, నిమిషానికోసారి కాగితం మీద అంకె వేసి గాజుకి ఆనించేది.

ఆరు వందలు. ఏడు వందల యాభై. తొమ్మిది వందలు. వెయ్యికి ఫ్యాన్లు తిరగాలి. వెయ్యి అయింది. పైకి చూశాను. రెక్కలు కదల్లేదు. పన్నెండు వందలు. పదమూడు వందల నలభై. నాకు ఆ గదిలో సిలిండర్ కనిపించడం మానేసింది. తలుపులు మూసి, పరదాలు దించి, పద్నాలుగు మంచాలు కనిపించాయి. పదిహేడు వందల దగ్గర నా చెయ్యి గొళ్ళెం మీదికి పోయింది. ఆవిడ లోపలినుంచి వేలు చూపించి వద్దంది. పదకొండో నిమిషంలో, పంతొమ్మిది వందల అరవై దగ్గర, ఎవరో గుర్తుచేసినట్టు ఫ్యాన్లు మెల్లగా మొదలయ్యాయి.

ఆవిడ బయటికి వచ్చి గోడకి ఆనుకుంది. "రికార్డర్ ఉంటే నలభై సెకన్ల ముందు. లేకపోతే పదకొండు నిమిషాలకి. అది తగిలించి ఉన్నట్టు దీనికెలా తెలుస్తోంది?"

ఆ ప్రశ్న పూర్తికాకముందే నాకు జవాబు తెలిసిపోయింది.

నేర్చుకునే భాగానికి నేను అందించేవి ఇరవై మూడు అంకెలు. ఉష్ణోగ్రత, తేమ, కార్బన్ డయాక్సైడ్, కిటికీ రేకులు తెరిచి ఉన్నాయా లేవా, ఇలా. కోడ్ రాసేటప్పుడు చేతికందిన అంకెలన్నీ పోసేశాను, ఏది పనికొస్తుందో అదే ఏరుకుంటుందిలే అని. చిట్టచివరిది, సెన్సర్‌ని నిమిషానికి ఎన్నిసార్లు చదువుతున్నారన్న లెక్క. మామూలుగా అది ఒకటి. రికార్డర్ తగిలిస్తే అరవై. అరవై కనపడిన నాలుగు నిమిషాలకి గాలి పాడవుతుందని ఆ నేర్చుకునే భాగం రెండు వందల సార్లు చూసింది. అరవై లేనప్పుడు, అంటే మేం పరీక్ష చేయనప్పుడు, గాలి ఒక్కసారి కూడా పాడవలేదు. కాబట్టి అరవై లేకుండా అంకె పెరిగితే గది చెడినట్టు కాదు, సెన్సర్ చెడినట్టు అని తీర్మానించుకుని, ఇక తీసేయలేనంత అయ్యేదాకా ఆ పెరుగుదలని శ్రద్ధగా తీసేస్తూ కూర్చుంది. తప్పు దానిది కాదు.

చెప్పకుండా ఉండొచ్చు. ఇంటికెళ్ళి ఆ ఒక్క వరస చెరిపేస్తే చాలు. శనివారం ఆవిడకిచ్చిన కాగితాల్లో అది పంతొమ్మిదో పేజీలో ఉంది, పేరు చూస్తే అదేమిటో ఎవరికీ తెలియనట్టు ఉంది. పౌరుషంగా ఇచ్చొచ్చిన కాగితాలు. ఆవిడ నన్నే చూస్తోంది. గాజు అవతల, ఆవిడ కూర్చున్న కుర్చీ పక్కన, ఆఖరి కాగితం కింద పడి ఉంది. 1960.

"నేను పెట్టిందే అక్కా" అన్నాను. "కావాలని కాదు. తీసేయకుండా వదిలేశాను." పంతొమ్మిదో పేజీ చూపించాను.

ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. "ఎప్పుడు తెలిసింది?" అంది.

"ఇప్పుడే. మీరు అడుగుతున్నప్పుడు."

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. రెండు మాటలూ ఒకటేనా అని సరిచూసుకుంటున్నట్టు విని, చెప్పులు వేసుకుంది.

సోమవారం పదకొండింటికి మేనేజర్ కలం పట్టుకునే వచ్చాడు. మళ్ళీ అక్క ఆయనకి కాగితమేదీ చూపించలేదు. పరీక్ష గదిలో కుర్చీ వేసి, చేతిలో మీటరు పెట్టి, "రికార్డర్ లేదు సార్. కూర్చోండి, మీరే చూడండి" అని వాల్వ్ తిప్పింది. ముగ్గురం లోపలే ఉన్నాం. నాలుగో నిమిషంలో ఆయన మీటరుని అరచేతిలో తట్టాడు. ఆరో నిమిషంలో పైకి చూశాడు. ఎనిమిదో నిమిషంలో, "ఏంటమ్మా ఇంకా తిరగదు?" అన్నాడు. తొమ్మిదో నిమిషంలో ఆయనే లేచి వెళ్ళి కిటికీ తెరిచాడు.

"పిల్లలు లేచి కిటికీ తెరవలేరు సార్" అంది మళ్ళీ అక్క.

ఆయన కలం జేబులో పెట్టుకున్నాడు. క్షమించమని అనలేదు. ఆవిడ కుర్చీ సంగతి కూడా ఎత్తలేదు. పాత ఫ్యాన్లు విప్పడానికి నిచ్చెన వేసుకుని కింద నిలబడ్డవాళ్ళని వెనక్కి పంపమని మాత్రం నాతో చెప్పాడు.

ఇంట్లో ఆ సాయంత్రం పెద్ద గొడవే అయింది. సోమవారం అన్నారు, ఏదీ అని మా ఆవిడ నిలదీసింది. జరిగింది చెప్పాను, చివరి అంకె ఎవరిదో కూడా చెప్పాను. మా ఆవిడ లేచి పిల్లకి ఇంకో ఉన్ని టోపీ వెతికి సంచిలో పెట్టింది.

చివరి అంకె తీసేశాం. యంత్రం నేర్చుకున్నదంతా చెరిపి మొదటినుంచి నేర్పుతున్నాం. పరీక్షల తీరు కూడా ఆవిడ మార్చేసింది. ఒకరోజు రికార్డర్ ఉంటుంది, ఒకరోజు ఉండదు. ఒకరోజు అందరం పోలోమని వెళ్ళి ఏమీ వదలకుండా ఉత్తినే కూర్చుని వస్తాం. ఎప్పుడు ఏది చేస్తుందో నాకు చెప్పదు. చెబితే నేను ఏదో ఒకటి సర్దుతానని ఆవిడ భయం. కాదనలేను.

కింద పిల్లల గదిలో ఇప్పుడు రెండూ ఉన్నాయి. పాత ఫ్యాన్లు గాలి లాగుతున్నాయి, కొత్తది గోడ మీద ఊరికే కూర్చుని నేర్చుకుంటోంది. మా పిల్లకి జలుబు తగ్గలేదు. మంచం మాత్రం ఆయమ్మ ఆ గాలి తగలని మూలకి జరిపింది. ఆ పని జలుబు మొదలైన రోజే నాకు తోచి ఉండాల్సింది.

మొన్న సాయంత్రం వెళ్ళేసరికి ఆ గదిలో పిల్లలు కూర్చునే పొట్టి కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని మళ్ళీ అక్క కూర్చుని ఉంది. ఒళ్ళో సంచి, సంచి మీద చెయ్యి. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు నటిస్తోంది. నటన ఏమీ బాగాలేదు. వేళ్ళ సందులోంచి మీటరు వెలుతురు కనపడుతోంది.

"అక్కా" అనబోయి గోడ మీద సెన్సర్ గుర్తొచ్చి గొంతు తగ్గించాను. దానికి చెవులు లేవని నాకు తెలుసు. కానీ దానికి తెలియవని నేననుకున్నవి కూడా దానికి తెలిశాయి.

పిల్లని ఎత్తుకుని పక్కకి వెళ్ళి, పెదవులు కదలకుండా అడిగాను. "ఎంతుంది?"

ఆవిడ అరచేయి పూర్తిగా మూసేసింది.

"నీకు చెప్పను. పిల్లని తీసుకుని వెళ్ళు."

మా అమ్మాయి ఆవిడ సంచి తాడు పట్టుకుని వదల్లేదు. ఆవిడ ఒక్కో వేలూ మెల్లగా విడిపించింది. విడిపిస్తూ ఒక క్షణం ఆగి, పిల్ల ముక్కు దగ్గర తన వేలు పెట్టి చూసింది. మళ్ళీ ఇంకోసారి పెట్టి చూసింది.